బొమ్మ ఒకచోట, మాట ఒకచోట

బస్టాండు ఎదుట, సైకిలు షాపు పక్కన ఉండే అద్దె పుస్తకాల కొట్టు మన బడిలో చదివిన నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రోజుకు పది పైసలు అద్దె. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుంటే బయటకు కనపడని సైజులో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అక్కడ దొరికేవి. డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మాకు పక్క బెంచీవాళ్ళ కంటే దగ్గరివాళ్ళు. ఒకటే చిక్కు. వంద చేతులు మారిన ఆ పుస్తకాలకు చాలావాటికి ఆఖరి నాలుగైదు పేజీలు ఉండేవి కావు. హంతకుడి పేరు బయటపడబోయే దగ్గర పుస్తకం అయిపోయేది. ఎవరు చంపారని పై క్లాసు అన్నల్ని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పేవారు. కొట్టు యజమానిని అడిగితే, అద్దె తగ్గించమన్నామనుకుని కసిరేవాడు.

సావనీరుకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ఊరి చరిత్ర, బడి చరిత్ర నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సంచికలోనే ఉన్నారు. నాకు తెలిసిన చరిత్ర వేరే ఒకటి ఉంది. అది అమెరికాలో 1930 ప్రాంతంలో తీసిన ఇరవై నిమిషాల డిటెక్టివ్ సినిమాలది, వాటి వెంట పడి తిరిగే మనుషులది. ఇది మన సంచికలో ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి చివరిదాకా చదవండి. మన సంఘానికి సంబంధించిన పని ఒకటి అక్కడ ఉంది.

ఉద్యోగం నన్ను ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు చేర్చింది. ఆ ఊళ్ళో ఏటా మే నెలాఖరున సినీవెంట్ అని పాత సినిమాల వాళ్ళ కలయిక ఒకటి జరిగేది. నాలుగు రోజులు ఒక హోటల్లో పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా పాత సినిమాలు వేస్తారు. పక్క హాల్లో బల్లలు వేసి పోస్టర్లు, ఫోటోలు, రీళ్ళు అమ్ముతారు. తోటి ఉద్యోగి ఒకాయన నన్ను మొదటిసారి తీసుకెళ్ళాడు. నాకు మొదట కనిపించిన దృశ్యం ఇది: డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దమనిషి రేకు డబ్బా మూత కొద్దిగా ఎత్తి, ఆవకాయ జాడీ దగ్గర మా అమ్మమ్మ చేసినట్టే, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మొహం చిట్లించి డబ్బా కింద పెట్టేశాడు. తర్వాత తెలిసింది. అసిటేట్ ఫిల్ము పాడవడం మొదలుపెడితే వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము కుంచించుకుపోతోందన్నమాట. అలాంటి రీలును మంచివాటి పక్కన ఉంచితే వాటికీ ఆ జబ్బు అంటుకుంటుంది.

ఆ హాల్లో నేను గమనించిందేమిటంటే, పాటల సినిమాలకూ హాస్యపు సినిమాలకూ బేరాలు నడుస్తున్నా, చిన్న డిటెక్టివ్ సినిమాల దగ్గర నిలబడేవాళ్ళ తీరే వేరు. వాళ్ళు బేరం కన్నా ముందు ప్రశ్నలు వేస్తారు. ఈ ప్రింటు ఎక్కడిది? ముందు ఎవరి దగ్గర ఉంది? రెండు రీళ్ళూ ఉన్నాయా? అచ్చంగా పోలీసు విచారణే.

వీళ్ళ పిచ్చి అర్థం కావాలంటే సినిమాకు మాట ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. 1926 ఆగస్టు 6న న్యూయార్కులో వార్నర్ సోదరులు ‘డాన్ జువాన్’ అనే సినిమాను, దానికి ముందు కొన్ని చిన్న చిత్రాలను వైటాఫోన్ అనే పద్ధతిలో ప్రదర్శించారు. మరుసటి ఏడు అక్టోబరు 6న ‘ది జాజ్ సింగర్’ వచ్చాక ఇక మూకీలకు రోజులు దగ్గర పడ్డాయని అందరికీ తెలిసిపోయింది. వైటాఫోన్‌లో మాట ఫిల్ము మీద ఉండదు. గ్రామఫోను రికార్డు మీద ఉంటుంది. అది మామూలు రికార్డు కాదు. పదహారు అంగుళాల వెడల్పు, మన ఇత్తడి పళ్ళెమంత. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. సూది బయటి అంచున కాకుండా లోపలి నుంచి బయలుదేరి అంచు వైపు వస్తుంది. వెయ్యి అడుగుల ఫిల్ము రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది కాబట్టి రికార్డు కూడా అంతసేపు పాడేలా చేశారు. ప్రొజెక్టరునూ రికార్డు తిరిగే బల్లనూ ఒకే మోటారుకు తగిలించారు. ఫిల్ములో ‘స్టార్ట్’ అని రాసిన గడి ప్రొజెక్టరు ద్వారం దగ్గరకు రావాలి, రికార్డు మీద బాణం గుర్తు దగ్గర సూది పెట్టాలి, అప్పుడు మోటారు వెయ్యాలి. అంతా సరిగ్గా జరిగితే పెదవి కదిలినప్పుడే మాట వస్తుంది.

సరిగ్గా జరగకపోతే? ఆపరేటరు ఏ రెండో రీలుకో మూడో రీలు రికార్డు పెడితే అయ్యవారి నోట్లోంచి అమ్మగారి గొంతు వస్తుంది. ఫిల్ము తెగితే మన టూరింగు టాకీసులో చేసినట్టు నాలుగు గడులు కత్తిరించి అతికిస్తే కుదరదు. తీసేసిన గడులెన్నో లెక్కపెట్టి అన్ని నల్ల గడులు మధ్యలో అతకాలి. లేకపోతే అక్కడి నుంచి రీలు అయ్యేదాకా మాట వెనకబడే ఉంటుంది. సూది గీతను తినేస్తుంది కాబట్టి రికార్డు లేబులు మీద చిన్న గళ్ళు ముద్రించేవారు. వేసిన ప్రతిసారీ ఒక గడిలో టిక్కు పెట్టాలి. గళ్ళు నిండితే ఆ రికార్డు పని అయిపోయినట్టే.

ఈ అవస్థలన్నీ పడలేక 1930 దాటేసరికి వార్నర్ వాళ్ళు కూడా మాటను ఫిల్ము అంచునే ముద్రించే పద్ధతికి మారిపోయారు. వైటాఫోన్ అన్న పేరు మాత్రం ఉంచుకున్నారు. కాని ఆ నాలుగైదేళ్ళలో తీసిన వందలాది చిన్న చిత్రాల గతి ఏమైందంటే, ఫిల్ము ఒకచోట మిగిలింది, రికార్డు ఇంకొకచోట మిగిలింది. కొన్నిటికి రెండూ పోయాయి. ఫిల్ము స్టూడియో గోదాములో పడి ఉంటే, రికార్డు ఏ ఊరి ఆపరేటరో ఇంటికి తీసుకుపోయి అటక మీద పెట్టుకున్నాడు.

ఇప్పుడు డిటెక్టివ్ సినిమాల సంగతి. వార్నర్ వాళ్ళకు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక స్టూడియో ఉండేది. అంతకుముందు వైటాగ్రాఫ్ కంపెనీది, 1925లో కొన్నారు. చిన్న చిత్రాలకు ఆ చోటు బాగా కలిసొచ్చింది. పక్కనే బ్రాడ్వే నాటకశాలలు. పగలు స్టూడియోలో నటించి, సాయంత్రం నాటకంలో వేషం వేసుకోవచ్చు. మైకు ముందు మాట తడబడని మనుషులు కావలసినంత మంది. అక్కడే 1931, 32 సంవత్సరాల్లో ఎస్.ఎస్. వాన్ డైన్ పేరుతో పన్నెండు రెండు రీళ్ళ అపరాధ పరిశోధన చిత్రాలు తీశారు.

వాన్ డైన్ అసలు పేరు విలార్డ్ హంటింగ్టన్ రైట్. కళావిమర్శకుడు. 1926లో ‘ది బెన్సన్ మర్డర్ కేస్’ రాసి, ఫైలో వాన్స్ అనే డిటెక్టివును సృష్టించి, ఒక్కసారిగా దేశమంతా చదివే రచయిత అయిపోయాడు. 1928లో డిటెక్టివ్ కథలు రాసేవాళ్ళకు ఇరవై నియమాలు కూడా ప్రకటించాడు. అందులో మొదటిదాని సారం ఇది: ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందు పెట్టాలి, డిటెక్టివుకు ఎంత అవకాశం ఉందో చదివేవాడికీ అంతే ఉండాలి. ఈ నియమం చదివినప్పుడు మన అద్దె కొట్టు యజమాని గుర్తొచ్చాడు. ఆఖరి పేజీలు లేకుండా పుస్తకం ఇవ్వకూడదని ఇరవై ఒకటోది కూడా రాసి ఉంటే బాగుండేది.

ఈయన నవల ఒకటి సినిమాగా మారినప్పుడు జరిగిన ముచ్చట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ‘ది కానరీ మర్డర్ కేస్’ను పారమౌంట్ వాళ్ళు మొదట మూకీగా తీశారు. ఇంతలో టాకీల గాలి మళ్ళడంతో దానికి మాటలు చేర్చాలనుకున్నారు. హతురాలి వేషం వేసిన లూయీస్ బ్రూక్స్ అప్పటికే వెళ్ళిపోయింది, వచ్చి మాటలు చెప్పనంది. ఆవిడ బొమ్మకు మార్గరెట్ లివింగ్‌స్టన్ అనే మరో నటి గొంతు పెట్టి 1929లో విడుదల చేశారు. చనిపోయిన మనిషి ఒకరు, మాట్లాడిన మనిషి ఇంకొకరు. డిటెక్టివ్ కథ తెర మీద కన్నా తెర వెనకే బాగా నడిచింది.

ఆ పన్నెండు చిన్న చిత్రాల్లో ఫైలో వాన్స్ లేడు. డాక్టర్ క్రాబ్‌ట్రీ అనే పరిశోధకుడు, ఇన్‌స్పెక్టర్ కార్ అనే పోలీసు అధికారి ఉంటారు. ‘మర్డర్ ఇన్ ది పుల్మన్’ అని రైలు పెట్టెలో ఒకటి, ‘ది స్టూడియో మర్డర్ మిస్టరీ’ అని సినిమా స్టూడియోలో ఒకటి, ‘ది కాంపస్ మిస్టరీ’ అని కాలేజీలో ఒకటి, ఇలా ప్రతిదానికీ కొత్త చోటు. చివరిది ‘ది ట్రాన్స్‌అట్లాంటిక్ మిస్టరీ’. క్రాబ్‌ట్రీగా వేసింది డోనాల్డ్ మీక్. బట్టతల, పీల శరీరం, ఎదుటివాడు గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడేలా ఉండే మొహం. ఆయన ఇంటిపేరుకే సాధువు అని అర్థం. 1939లో ‘స్టేజ్‌కోచ్’లో అందరూ పాదిరీ అనుకునే విస్కీ వ్యాపారి ఆయనే. ఇన్‌స్పెక్టరుగా వేసిన జాన్ హామిల్టన్ ఇరవై ఏళ్ళ తర్వాత టీవీ సూపర్‌మ్యాన్‌లో పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ అయ్యాడు. నేను సినీవెంట్‌లో కలిసిన సేకర్తలలో సగం మంది చిన్నప్పుడు ఆ టీవీ చూసి పెరిగినవాళ్ళే. తమ పెర్రీ వైట్ పాతికేళ్ళు చిన్నవాడై పోలీసు వేషంలో తెర మీదికి రాగానే ఆ ముసలివాళ్ళంతా చప్పట్లు కొట్టడం నేను చూశాను.

నిజం చెప్పాలంటే, సినిమాలుగా ఇవి గొప్పవేమీ కావు. కెమెరా పెద్దగా కదలదు. ఒకరి మాట పూర్తయ్యాక కాసేపు ఆగి మరొకరు మాట్లాడతారు. ఇరవై నిమిషాల్లో హత్య జరగాలి, నలుగురి మీద అనుమానం రావాలి, చిక్కు విడిపోవాలి. వాన్ డైన్ తన మొదటి నియమాన్ని తానే పాటించలేదనిపించే సందర్భాలు ఉన్నాయి. అయినా మూకీలో కుదరనిది ఒకటి వీటిలో కుదిరింది. తెర నల్లబడి కేక ఒక్కటే వినపడవచ్చు. తుపాకీ మోత విన్నాక ఎవరు ఎక్కడున్నారో వెతకవచ్చు. చూసేవాడు చెవితో కూడా పరిశోధన చెయ్యాల్సి వచ్చింది. ఆ కొత్త సరదా వల్లనే ఇతర కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. విలియం జె. బర్న్స్ అనే అసలు సిసలు డిటెక్టివు పేరు మీద ఎడ్యుకేషనల్ కంపెనీ ఒక రీలు చిత్రాలు తీసింది. రేడియోలో కథలు పరిచయం చేసే ‘షాడో’ అనే గొంతును యూనివర్సల్ వాళ్ళు తెరకు తెచ్చారు.

ఈ పన్నెండూ సేకర్తల చేతికి చేరిన దారి టెలివిజన్‌ది. 1950కి ముందరి వార్నర్ చిత్రాల హక్కులను 1956లో అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ ప్రొడక్షన్స్ అనే కంపెనీ కొని, 16 మిల్లీమీటర్ల ప్రింట్లు తీసి టీవీ స్టేషన్లకు అద్దెకిచ్చింది. స్టేషన్లు వాడి వదిలేసిన ప్రింట్లు చేతులు మారి బల్లల మీదికొచ్చాయి. వాటిని పరీక్షించడం ఒక విద్య. కొడాక్ ఫిల్ము అంచున చుక్క, చదరం, త్రికోణం వంటి చిన్న గుర్తులు ఉంటాయి. అవి ఆ ఫిల్ము తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. కాని గుర్తులు ఇరవై ఏళ్ళకోసారి మళ్ళీ మొదటికి వస్తాయి. అంటే ఒకే గుర్తు 1936 కావచ్చు, 1956 కావచ్చు. అప్పుడు రీలు మొదట్లో ఆ టీవీ కంపెనీ ముద్ర ఉందేమో చూడాలి. ఉంటే 1956. భూతద్దం కంటికి పెట్టుకుని దీపం వెలుగులో ఈ లెక్క తేల్చేటప్పుడు ఆ మనిషి మొహం చూడాలి. ఏ డాక్టర్ క్రాబ్‌ట్రీ దిగదుడుపే.

ఈ ఆకర్షణ ఎక్కడిదో నాకు అర్థమైంది అక్కడే అనుకుంటాను. స్టాంపులు పోగుచేసేవాడికి స్టాంపు దొరకడంతో పని అయిపోతుంది. వీళ్ళకు దొరికినప్పుడు పని మొదలవుతుంది. పన్నెండే ఉన్నాయి కాబట్టి ఎన్ని తక్కువో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలే కాబట్టి అన్నం తిన్నాక గోడ మీద వేసి చూసుకోవచ్చు. పైగా ఒకప్పుడు ఇదంతా చాటుమాటు వ్యవహారం. 1970లలో సినిమా కంపెనీల ఫిర్యాదుల మీద అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ సేకర్తల ఇళ్ళు సోదా చేసింది. 1974 డిసెంబరులో రాడీ మెక్‌డోవల్ అనే పేరున్న నటుడి ఇంట్లోనే రీళ్ళు పట్టుకుపోయారు. చివరికి ఆయన మీద కేసు పెట్టలేదు గాని, ఆ భయంతో చాలామంది తమ దగ్గర ఏముందో భార్యలకు కూడా చెప్పడం మానేశారు. నేను కలిసినవాళ్ళలో కొందరు అప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడేవారు.

నేనూ ఒకటి కొన్నాను. ఆ పన్నెండులో ఒకదాని నాలుగువందల అడుగుల స్పూలు, చవగ్గా వచ్చింది. ఇంటికి తెచ్చి అరువు ప్రొజెక్టరు మీద వేస్తే అది రెండో సగం. హంతకుడెవరో శుభ్రంగా తెలిసింది. చనిపోయిందెవరో, ఎందుకు చనిపోయారో అంతుపట్టలేదు. చిన్నప్పుడు ఆఖరి పేజీలు లేని పుస్తకాలు చదివినందుకు దేవుడు లెక్క సరిచేశాడని మా ఆవిడ నవ్వింది. మొదటి సగం ఆరేళ్ళ తర్వాత వేరొకరి ప్రింటులో చూశాను. చూశాక కొంచెం నిరాశపడ్డానని ఒప్పుకుంటాను. ఆ ఆరేళ్ళలో నేను ఊహించుకున్న కథే మెరుగ్గా ఉంది.

కాని నన్ను బాగా పట్టేసింది చిన్న చిత్రం కాదు, పెద్దదే. ‘ది టెర్రర్’ అని 1928లో వార్నర్ వాళ్ళు తీసిన భయానక అపరాధ చిత్రం. ఎడ్గర్ వాలెస్ నాటకం ఆధారం. పూర్తిగా మాటలతో నడవాలని పట్టుపట్టి పేర్లను కూడా తెర మీద రాయకుండా ఒక మనిషి చేత చదివించారు. ఆ సినిమా ఫిల్ము ఈ రోజు ఎక్కడా లేదు. రికార్డులు మాత్రం మిగిలాయి. అంటే ఆర్గన్ వాద్యం వినపడుతుంది, కేకలు వినపడతాయి, హంతకుడు మాట్లాడతాడు, మనిషి మాత్రం కనపడడు. దీనికి ఎదురు రకం కూడా ఉంది. పాటగాళ్ళ చిత్రమైతే రికార్డు పోయినా నోరు, చెయ్యి, నవ్వు మిగులుతాయి, ఏదో ఒకటి చూశామనిపిస్తుంది. అపరాధ పరిశోధనలో డిటెక్టివు లేచి, వేలు చూపి, పది నిమిషాలు పెదవులు కదుపుతాడు. కథంతా ఆ పెదవుల్లోనే ఉంది. రికార్డు లేకపోతే ఏమీ లేనట్టే.

ఈ ముక్కల్ని కలపడానికి 1991లో రాన్ హచిన్సన్ అనే ఆయన మరి నలుగురితో కలిసి వైటాఫోన్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. వాళ్ళు ప్రొఫెసర్లు కారు. పాత సినిమాలూ పాత రికార్డులూ పోగుచేసేవాళ్ళు. చేసిన పని సూటిగా ఉంది. ఏ రికార్డు ఎవరి ఇంట్లో ఉందో జాబితా రాశారు. ఏ ఫిల్ము ఏ గ్రంథాలయంలో ఉందో జాబితా రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. లాస్ ఏంజెల్స్‌లోని యూసీఎల్‌ఏ సినిమా భాండాగారం, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, వార్నర్ సంస్థ చేయి కలిపాయి. వేల రికార్డుల ఆచూకీ దొరికింది. అరవై, డెబ్బై ఏళ్ళు మూగగా ఉన్న వందకు పైగా చిత్రాలు మళ్ళీ మాట్లాడాయి. హచిన్సన్ 2019లో పోయాడు. అటకలు వెతకమని మామూలు జనాన్ని అడగడమే ఆయన చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

మన దగ్గర ఇంత దూరం రాలేదు. మన టాకీలు పుట్టేనాటికి మాట ఫిల్ము మీదికి ఎక్కేసింది. బొమ్మా మాటా ఒకే ఫిల్ము మీద ఉండటంతో పోయినప్పుడు రెండూ కలిసే పోయాయి. 1931 నాటి ‘ఆలం ఆరా’, అదే ఏడాది హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాసు’, 1932లో ఆయనే తీసిన మన తెలుగు ‘భక్త ప్రహ్లాద’, మూడింటిలో ఒక్కదాని ప్రింటూ మనకు మిగల్లేదు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో ఏర్పడి, పి.కె. నాయర్ గారు ఊరూరా తిరిగి రీళ్ళు పోగుచేయడం మొదలుపెట్టేనాటికే ముప్పై ఏళ్ళ ఆలస్యం జరిగిపోయింది.

ఇప్పుడు మన సంగతి. 1975 సంక్రాంతి సెలవుల్లో బడి ఆవరణలో, వేపచెట్టు కింద, మన సంఘం తొలి సమావేశం జరిగింది. విదేశం నుంచి సెలవు మీద వచ్చిన మన సీనియరు ఒకాయన దాన్ని సూపర్ ఎయిట్ కెమెరాతో తీశారు. యాభై అడుగుల ఫిల్ము, సెకనుకు పద్దెనిమిది బొమ్మల చొప్పున మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మాట ఉండదు. ఆ సీనియరు పోయాక, ఇల్లు సర్దుతూ వాళ్ళ అమ్మాయి ఆ రీలును పోయిన ఏడాది నాకు అందజేసింది. పాతవాటి పిచ్చివాణ్ణి నేనేనని ఆమెకు ఎవరో చెప్పారట. మూత తీసి ముందు వాసన చూశాను. వెనిగర్ లేదు. కంప్యూటరులోకి ఎక్కించాను. రంగులు కాస్త ఎరుపు తిరిగాయి గాని మనుషులందరూ గుర్తుపట్టేలా ఉన్నారు. ఆరో వరసలో చారల చొక్కా వేసుకుని ఇటూ అటూ చూస్తున్నవాణ్ణి నేనే.

రెండో నిమిషంలో మన తెలుగు మాస్టారు లేచి నిలబడతారు. ఉత్తరీయం సర్దుకుని, కుడిచెయ్యి పైకెత్తి ఏదో అంటారు. ముందు వరస నవ్వుతుంది, తర్వాత అందరూ నవ్వుతారు. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటారు. నవ్వొచ్చి తుడుచుకున్నారో, మరొకందుకో బొమ్మలో తెలియదు. మాస్టారు మరో నలభై సెకన్లు మాట్లాడతారు. రీలు అయిపోతుంది.

ఆయన ఏమన్నారు? ఆ రోజు అక్కడున్న ముగ్గురిని అడిగాను. ఒకరు, వచ్చినవాళ్ళందరి పేర్లూ కలిపి ఆశువుగా పద్యం చెప్పారన్నారు. ఇంకొకరు, పద్యం లేదు గిద్యం లేదు, సభ్యత్వం రూపాయి ఎగ్గొట్టినవాళ్ళను వేళాకోళం చేశారన్నారు. మూడో ఆయన, అది ఆ ఏడాది కాదు మరుసటి ఏడాది అన్నారు. నన్నే అడిగితే, అక్కడ కూర్చుని నవ్వినవాణ్ణి, నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. పై క్లాసు అన్నలు చెప్పిన హంతకుల పేర్ల కన్నా ఇది మెరుగ్గా ఏమీ లేదు. మాస్టారు పోయి ఇరవై రెండేళ్ళు. వాళ్ళ ఇంట్లో అడిగాను. ఆయన గొంతు ఎక్కడా, ఏ టేపులోనూ లేదన్నారు.

కాని ఒకచోట ఉండాలి. ఫిల్ములో మాస్టారి పక్కన బల్ల మీద స్పూలు టేప్ రికార్డరు తిరుగుతూ కనపడుతోంది. దాన్ని తెచ్చింది మా బ్యాచీ మిత్రుడే. అతను ఇప్పుడు లేడు. వాళ్ళ కుటుంబం మూడు ఊళ్ళు మారింది, రెండిట్లో సామాను కొంత బంధువుల ఇళ్ళల్లో వదిలేశారు. టేపును ఎవరో సంఘం పనికని అడిగి తీసుకున్నారని వాళ్ళ అన్నయ్యకు లీలగా గుర్తు. ఎవరో మాత్రం తెలియదు. కాబట్టి ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, పిల్లల బొమ్మల డబ్బాలో, గోధుమ రంగు టేపు చుట్టిన అరచెయ్యంత ప్లాస్టిక్ చక్రం ఉంటే అది ఇదే కావచ్చు. డబ్బా మీద పేరు లేకపోయినా, సినిమా పాటల పేర్లు రాసి ఉన్నా పారేయవద్దు. ఎండలో పెట్టవద్దు. లౌడ్‌స్పీకరు పక్కన ఉంచవద్దు. వినాలని ఆత్రపడి ఏ పాత యంత్రం మీదా వేయవద్దు, యాభై ఏళ్ళ టేపు ఒక్క లాగుకు తెగుతుంది. అలాగే తెచ్చి సంఘం కార్యాలయంలో ఇవ్వండి.

దొరికితే బొమ్మకూ మాటకూ జత ఎలా కుదురుస్తావని మన కార్యదర్శి అడిగారు. బ్యాటరీ మీద తిరిగిన టేపు వేగం నిలకడగా ఉండదు, స్ప్రింగు కెమెరా కాకపోయినా దాని వేగమూ నమ్మకం లేదు, నిజమే. కాని మాస్టారు లేచే ముందు అందరినీ సద్దుమణిగించడానికి మన బడి ప్యూను రైలు పట్టా ముక్క మీద మూడుసార్లు కొడతాడు. అది ఫిల్ములో స్పష్టంగా పడింది. బొమ్మ బొమ్మగా లెక్కపెట్టాను. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య పంతొమ్మిది గడులు, రెండో దెబ్బకూ మూడోదానికీ మధ్య ఇరవై మూడు. టేపులో ఆ మూడు గంటలు వినపడితే చాలు.